గెడ్డలు ఉన్నాయి... గాలాల కొట్లు ఏవి?

విశాఖపట్నం నుంచి అరకు లోయకు వెళ్ళేవారికి రెండు దారులున్నాయి. ఒకటి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా కొండలెక్కే ఘాట్ రోడ్డు. రెండవది కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960వ దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారు. 58 సొరంగాలున్న ఈ మార్గంలో 2017లో అద్దాల పెట్టె కూడా ప్రవేశపెట్టిన తరువాత, ఖనిజం కోసం వేసిన పట్టాలు విహారయాత్రికుల పట్టాలుగా పేరు తెచ్చుకున్నాయి. మేము ఇంటిల్లిపాదీ రైలులోనే వెళ్ళాము. పిల్లలు సొరంగాలు లెక్కపెడుతూ ముప్ఫై దాటాక లెక్క తప్పి, మళ్ళీ మొదటికి వచ్చారు.

బొర్రా గుహలు, పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు... వీటి గురించి చాలామంది వ్రాశారు. మేము చెప్పదలచుకున్నది మరొక సంగతి. కొండవాగును ఉత్తరాంధ్రలో గెడ్డ అంటారు. ఏ మలుపు తిరిగినా ఒక గెడ్డ కనిపించే ఈ ప్రాంతంలో ఒక పూట పిల్లలతో గట్టున కూర్చుని గాలం వేయాలని మాకు కోరిక కలిగింది. గాలం, దారం కొనడానికి అరకు ప్రధాన రహదారి ఈ చివర నుంచి ఆ చివర వరకు నడిచాము. కాఫీపొడి, చాక్లెట్లు, తేనె, మిరియాలు, వెదురు బొమ్మలు, చరవాణి తొడుగులు, వర్షపు కోట్లు అన్నీ దొరికాయి. గాలం మాత్రం దొరకలేదు. అడిగిన చోటల్లా దుకాణదారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరకు ఒక ఇనుప సామాను కొట్టులోని పెద్దాయన మాత్రం, "అవి ఇప్పుడెవరు తెస్తారండీ? సంతకు వెళ్ళి చూడండి, ఉంటే అక్కడే ఉండాలి" అన్నాడు.

పళ్ళెంలోకి వచ్చిన చేప

ప్రయాణంలో మాంసాహారం విషయమై ముస్లిం కుటుంబానికి ఎదురయ్యే ప్రశ్న పాఠకులకు తెలియనిది కాదు. అరకు దారి పొడుగునా బొంగులో చికెన్ ఘుమఘుమలాడుతూ ఉంటుంది. కానీ ఆ కోడిని ఎవరు కోశారో, ఎలా కోశారో తెలియదు. చేపకు ఆ ప్రశ్న లేదు. జల ఆహారాన్ని జబహ్ నిబంధన లేకుండానే మనకు ధర్మసమ్మతం చేయడం ఆ కరుణామయుని అనుగ్రహం. అందువల్ల భోజనశాలలో మేము చేపల పులుసే అడిగాము.

వచ్చిన చేప గెడ్డలోనిది కాదు. మైదానపు చెరువులలో మేత వేసి పెంచి, మంచుగడ్డల మధ్య తెల్లని థర్మాకోల్ పెట్టెలో కొండెక్కించిన చేప. అంతర్గత జలాల చేపల పెంపకంలో దేశంలోనే మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. కొల్లేరు పరిసరాలలోని చెరువుల నుంచి బొచ్చె, శీలావతి చేపలు ఈశాన్య రాష్ట్రాల దాకా లారీలలో వెళుతున్నప్పుడు అరకు కొండకు రావడంలో వింత లేదు. రుచి బాగానే ఉన్నది. కానీ కిటికీ బయట గెడ్డ పారుతుండగా లోపల పళ్ళెంలో దూరపు చెరువు చేప ఉండటం మమ్మల్ని ఆలోచనలో పడవేసింది.

చేప పేరున్న సీమ

ఈ కొండలకు చేపతో ఉన్న బంధం నిన్న మొన్నటిది కాదు. మాడుగుల కొండలలో పుట్టి పాడేరు ప్రాంతం గుండా పారే నది పేరే మత్స్యగెడ్డ. ఒడిశా వైపు దానినే మాచ్‌ఖండ్ అంటారు. జోలాపుట్ జలాశయంలో నిండి, డుడుమ వద్ద జలపాతంగా దూకి, దిగువన సీలేరుగా మారి, శబరిలో కలిసి, చివరకు గోదావరిని చేరుతుంది. 1955లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టిన మాచ్‌ఖండ్ ప్రాజెక్టు ఈ నీటితోనే నడుస్తున్నది.

హుకుంపేట మండలంలో, మఠం గ్రామ సమీపాన ఇదే నీటి దారిలో మత్స్యగుండం అనే మడుగు ఉన్నది. 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో దీని ప్రస్తావన కనిపిస్తుంది. ఆనాడు ఆ మడుగు నిండా చిన్నా పెద్దా మహసీర్ చేపలు ఉండేవనీ, అవి మనిషి చేతిలోని మేతను తినేటంత మచ్చికగా ఉండేవనీ, మాడుగుల జమీందారులు వాటిని పట్టకుండా కాపాడేవారనీ ఆయన వ్రాశాడు. ఎద్దుల మీద సరుకు మోసుకువచ్చిన ఒక వర్తకుడు అక్కడి చేపను కూర వండుకున్నందుకు, తన ఎద్దులతో సహా రాళ్ళయిపోయాడన్న కథను కూడా నమోదు చేశాడు. ఆ కథను మనం నమ్మవలసిన పని లేదు. కానీ ఒక మడుగును ముట్టుకోకుండా వదిలివేస్తే, అక్కడ పెరిగిన చేపలు మిగతా గెడ్డలను నింపుతాయన్న ఎరుక ఈ నేల మీద ఎప్పటినుంచో ఉన్నదని దాని వల్ల తెలుస్తున్నది.

1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథంలో ఈ ఏజెన్సీకి చెందిన బగతలను మంచినీటి చేపలు పట్టడంలో నేర్పరులుగా పేర్కొన్నారు. పొడవాటి ఈటెతో చేపను పొడిచి పట్టడంలో వారిది అందె వేసిన చెయ్యి అనీ, దసరానాడు చేపల బుట్టలను పూజించేవారనీ అందులో ఉన్నది. ఆచారం ఎవరిదైనా, పనిముట్టును అంతగా గౌరవించిన ప్రజలకు ఆ పనిముట్టు ఎంత అవసరమో గ్రహించడం కష్టం కాదు.

సంతలోని గోనెపట్టా

అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో ఒక సంతకు వెళ్ళాము. ఏజెన్సీలో సంత అంటే వారానికొకసారి వెలిసే పట్టణం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ ప్రకారం ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనరాదు. గిరిజనుల నేలను కాపాడిన ఈ చట్టం ఎంతో అవసరమైనది. కనుక మైదానపు వర్తకులలో చాలామంది ఒకచోట కొట్టు కట్టుకోకుండా ఈ వారం ఒక సంత, మరునాడు మరొక సంత చొప్పున మూటతో తిరుగుతుంటారు. ఉప్పు, ఎండుచేపలు, పూసలు, దువ్వెనలు, తాళ్ళు, కొడవళ్ళు, దుప్పట్లు అన్నీ మూటల్లోనే వచ్చి మూటల్లోనే పోతాయి. గాలాల కొట్టు కూడా ఇక్కడ ఎప్పుడూ ఇటువంటి మూటే.

ఎండుచేపల వరుస దాటాక, చింతచెట్టు నీడన గోనెపట్టా పరచుకుని కూర్చున్న ఒక తెల్లగడ్డపు పెద్దాయన కనిపించాడు. తల మీద టోపీ చూసి సలాం చెప్పాము. జవాబిచ్చి, "రండి బేటా, కూర్చోండి" అని పట్టా అంచు దులిపాడు. ఆయన ముందు సూదులు, దారపు ఉండలు, తాళాలు, చిన్న చాకులు, బ్యాటరీ దీపాలు ఉన్నాయి. గాలాలు ఉన్నాయా అని అడిగితే, పక్కనున్న పాత బిస్కెట్ డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల కాగితపు పొట్లాలలో గాలాలు, సీసపు గుళ్ళు, నైలాన్ దారం, జీలుగు బెండు ముక్కలు.

"మా నాన్న కాలంలో పట్టా సగం ఇవే ఉండేవి. వల దారం కిలోల లెక్కన అమ్మేవాళ్ళం. ఇప్పుడు ఈ డబ్బా ఒక్కటే మిగిలింది" అన్నాడు చాచా.

ఆయన కొడుకు కూడా అదే సంతలో ఉన్నాడు. రెండు పట్టాల అవతల చరవాణి తొడుగులు, చార్జర్లు, ప్లాస్టిక్ బొమ్మలు పేర్చుకుని కూర్చున్నాడు. మేము ఉన్నంత సేపూ అతని దగ్గర గుంపు తరగలేదు. తండ్రి దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది సూదులకు, దారానికి వచ్చినవారే.

అంతలో ఒక ఆదివాసీ తల్లి పదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లవాడు అన్నిటికన్నా చిన్న గాలాన్ని వేలితో చూపించాడు. చాచా దానిని తీయలేదు. "ఎక్కడ వేస్తావు?" అని అడిగాడు. పిల్లవాడు తమ ఊరి గెడ్డ పేరు చెప్పాడు. "అక్కడ జెల్లలుంటాయి, కొర్రమీను కూడా ఉంటుంది. ఇది వేస్తే వేలెడంత పిల్లలు పడతాయి, కూరకు చాలవు, వచ్చే ఏడాదికి ఉండవు. ఇది తీసుకో" అంటూ రెండు అంచెలు పెద్ద గాలాన్ని చేతిలో పెట్టాడు. దారానికి గాలం ముడి ఎలా వేయాలో వేసి చూపించి, విప్పి, పిల్లవాడి చేత వేయించాడు. ముడి మూడవసారికి నిలిచింది. రెండు గాలాలు, కొంత దారం కలిపి ఆయనకు వచ్చింది టీ ఖర్చుకు కూడా సరిపోని మొత్తం.

మేము కొనవలసినవి కొని, చాలాసేపు అక్కడే కూర్చున్నాము. గాలం కొలత గురించి అప్పుడే మా పిల్లలకు తెలిసింది. నంబరు పెరిగే కొద్దీ గాలం చిన్నదవుతుంది. పన్నెండవ నంబరు కన్నా ఆరవ నంబరు పెద్దది. ఒకటి దాటాక లెక్క తిరగబడి, ఒకటి కింద సున్నా, రెండు కింద సున్నా అని వ్రాస్తూ పెద్దవవుతాయి. వల విషయంలో కన్ను ముఖ్యం. కన్ను పెద్దదైతే పిల్లచేప దాటిపోతుంది, ఎదిగిన చేప ఆగుతుంది. తొలకరి వానలకు గెడ్డలు పొంగినప్పుడు చేపలు గుడ్లతో ఏటికి ఎదురెక్కి పొలాల్లోకి వస్తాయి. ఆ రోజుల్లో సన్నకన్ను వల అడిగినవారికి తన తండ్రి "సరుకు అయిపోయింది" అని చెప్పేవాడట. సరుకు మూటలో ఉండేదేనని చాచా నవ్వాడు.

ఎందుకు తగ్గింది?

ఈ వ్యాపారం తగ్గడానికి కారణం ఒక్కటి కాదు. మంచుపెట్టెల చేప వచ్చింది. పూర్వం జనుము నారతోనో నూలు దారంతోనో ఇంట్లో అల్లుకునే వలల స్థానంలో మరలపై అల్లిన సన్నని నైలాన్ వలలు చౌకగా దొరుకుతున్నాయి. చిరిగితే బాగుచేసుకునే పని లేదు, పారవేసి కొత్తది తెచ్చుకుంటారు. వెదురుతో ఊతలు, బుట్టలు అల్లే చేతులు యాత్రికులకు పూలబుట్టలు అల్లుతున్నాయి. యువకులకు కాఫీ తోటలలో, బసగృహాలలో, పట్టణాలలోని కట్టడపు పనులలో కూలి దొరుకుతున్నది. పిల్లలు ఆశ్రమ పాఠశాలలలో చదువుకుంటున్నారు. ఇందులో కొన్ని సంతోషించదగిన మార్పులే. గట్టున గాలం పట్టుకుని కూర్చోవలసిన పిల్లవాడు బడిలో కూర్చోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు.

సరిగా ఇటువంటి మార్పే ఇతర దేశాలలో కూడా కనిపిస్తుంది. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం ఒకప్పుడు సూదులకు, గాలాలకు ప్రపంచ ప్రసిద్ధి పొందినది. నార్వేకు చెందిన మస్టాడ్ సంస్థ 1877 నుంచి గాలాలు తయారుచేస్తూ ప్రపంచమంతటా పంపుతున్నది. ఇంగ్లండులో ఊరి ప్రధాన వీధిలో ఒక గాలాల దుకాణం ఉండటం, సెలవురోజు ఉదయం ఎర కొనడానికి వచ్చినవారు ఏ నదిలో ఏ చేప పడుతున్నదో అక్కడే మాట్లాడుకోవడం ఒకనాటి అలవాటు. అంతర్జాలంలో కొనుగోళ్ళు పెరిగాక అటువంటి దుకాణాలు ఎన్నో మూతపడ్డాయి. అక్కడ పోయింది ఎక్కువగా ఒక కాలక్షేపపు కూడలి. మన కొండలలో తగ్గుతున్నది పేదవాడి కూరకుండకు సంబంధించినది.

చెరువు చేపకు నగదు కావాలి. గెడ్డ చేపకు ఒక గాలం, కొంత ఓర్పు చాలు. కూలి దొరకని వారాలలో, వానలకు దారులు మూసుకుపోయి సంత జరగని రోజులలో, కొండ ఇంటికి పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు, పీతలే మాంసకృత్తులు. బడిలో చదివే పిల్లవాడికీ సెలవురోజున చేపల కూర ఉండాలి కదా.

దుకాణంతో పోయే మాట

గాలాన్ని ఎవరైనా అమ్మవచ్చు. చరవాణిలో వేలు నొక్కితే వంద గాలాల పెట్టె ఇంటికి వస్తుంది. ఆ పెట్టె "ఎక్కడ వేస్తావు?" అని అడగదు. సన్నకన్ను వల అమ్మే లారీ వర్తకుడికి ఆ వల ఏ నెలలో ఏ గెడ్డలో పడుతుందో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. అతనికి వచ్చే వారం వేరే సంత ఉన్నది. అదే గెడ్డల ప్రజలకు మూడు తరాలుగా సరుకు అమ్మిన కుటుంబానికి మాత్రం చేపలు అయిపోతే వ్యాపారమూ అయిపోతుందని తెలుసు. అందుకే సరుకుతో పాటు హద్దును కూడా అమ్మింది.

సముద్రంలో ఈ హద్దును ప్రభుత్వం విధించింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని దాని ఉద్దేశం. మందుగుండుతో పేల్చి, విషం కలిపి చేపలను చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరమన్నది. అయితే వందలాది గెడ్డల గట్టున కాపలాకు మనుషులు ఉండరు. అక్కడ పనిచేసినవి పెద్దల కట్టుబాటు, పనిముట్టు పరిమితి, అమ్మేవాడి మాట. ఊతతో ఒక మనిషి ఒక పూటలో పట్టేదానికి లెక్క ఉంటుంది. బ్లీచింగ్ పొడి చల్లితే లెక్క ఉండదు. తినే చేప, తినని చేప, గుడ్డు, పురుగు అన్నీ తేలుతాయి. ఆ నీరే దిగువ ఊరివారు తాగుతారు.

ఇక్కడ దివ్యఖుర్ఆన్‌లోని ఆరాఫ్ సూరాలో వచ్చే సముద్రతీరపు పల్లె వృత్తాంతం గుర్తుకు వస్తుంది. శనివారం వేట వద్దన్న ఆజ్ఞ ఉండగా, ఆనాడే చేపలు గుంపులుగా పైకి తేలి వారిని పరీక్షించాయి. హద్దును బాహాటంగా మీరకుండా ఉపాయంతో మీరినవారు శిక్షకు గురయ్యారు. చేపలు పట్టడం ధర్మసమ్మతమే. పరీక్ష అంతా హద్దు దగ్గరే ఉన్నది. ఆ పల్లెలో కొందరు తోటివారిని వారిస్తూనే ఉన్నారని కూడా ఖుర్ఆన్ చెబుతున్నది. డబ్బాలోని చిన్న గాలాన్ని పక్కన పెట్టి పెద్దది చేతికిచ్చిన ముసలి వర్తకుడు కూడా తన స్థాయిలో ఆ పనే చేస్తున్నాడని మాకు అనిపించింది.

మనం చేయగలిగినది

ఈ కొట్లు మునుపటి వైభవానికి తిరిగి వస్తాయని మేము అనుకోవడం లేదు. గిరాకీ లేని సరుకును పట్టుకుని కూర్చోమని ఎవరినీ అడగలేము. చాచా కొడుకు చార్జర్లు అమ్ముకోవడంలో దోషం లేదు. అతని పిల్లల ఫీజులు వాటితోనే కట్టాలి. అయితే డబ్బాలోని ఇనుము పోయినా, దానితో ఉన్న తెలివి పోకుండా చూడవచ్చు. ఆశ్రమ పాఠశాలలలో ఊరి పెద్దలను పిలిచి ఏ నెలలో ఏ చేప గుడ్లు పెడుతుందో, ఏ కన్ను వల ఎప్పుడు వాడాలో పిల్లలకు చెప్పించవచ్చు. అరకు మ్యూజియంలో గిరిజన జీవితాన్ని ప్రదర్శనకు ఉంచారు. అందులోని పనిముట్లు చేతిలో ఎలా నడుస్తాయో చెప్పగలిగినవారు ఇంకా సంతలలో ఉన్నారు. మన సంఘాలు, యువజనులు ఏజెన్సీలో వైద్య శిబిరాలకు, దుప్పట్ల పంపిణీకి వెళ్ళినప్పుడు ఒక పూట వారి దగ్గర కూర్చుని ఆ మాటలు వ్రాసుకుని రావచ్చు.

యాత్రకు వెళ్ళే కుటుంబాలకు మా విన్నపం ఇదే. అరకు వెళితే ఒక రోజు సంతకు కేటాయించండి. వెదురు బుట్ట కొంటే అల్లినవారి దగ్గరే కొనండి, వారు చెప్పిన ధరకే కొనండి. గెడ్డ దగ్గర భోంచేస్తే ప్లాస్టిక్ పళ్ళేలు, సీసాలు తిరిగి తీసుకువెళ్ళండి. పిల్లలకు గాలం కొనిస్తే దాని వెంట ఒక నియమం కూడా నేర్పండి. ఏ ఊరి గెడ్డ అయితే ఆ ఊరివారిని అడిగి వేయాలి. పిల్లచేప పడితే విప్పి నీటిలో వదలాలి. ఆ పూట కూరకు సరిపడా పడితే దారం చుట్టివేయాలి. సంతలో ముసలి వర్తకుడు ఎవరైనా కనిపిస్తే, ఏమీ కొనకపోయినా రెండు నిమిషాలు ఆగి, "చాచా, ఈ గెడ్డలో ఏ చేప ఉంటుంది?" అని అడగండి. ఆ జవాబు ఇంకెక్కడా వ్రాసి లేదు. అడిగి తెలుసుకోవడానికి ఇంకా కొంత వ్యవధి ఉన్నది.